పొట్టివాళ్ళంతా ఎరుపు, పొడుగువాళ్ళంతా నీలం

మిషనక్క గుడ్డ కత్తిరించేటప్పుడు నోరు విప్పదు, మిషన్ తొక్కేటప్పుడు నోరు మూయదు. అందుకే ఆమెతో పనున్నవాళ్ళు గుమ్మంలో ఆగి, లోపల ఏ పని నడుస్తోందో చూసుకుని మరీ అడుగుపెడతారు. నేను ఆమె దగ్గర కాజాలు తీస్తాను, గుండీలు కుడతాను, అంచులు మడుస్తాను. మా ఇద్దరికీ చుట్టరికమేమీ లేదు. పక్కపక్క వాటాల్లో ఉంటున్నాం, అంతే. అయినా ఆమె పిల్లలు నన్ను పిన్నీ అంటారు. ఆమెకి నా మీద కోపం వచ్చినప్పుడల్లా నేను చెల్లినైపోతాను. "ఓ చెల్లీ, ఇది కాజానా, కిటికీనా?" అంటుంది.

షాపు అంటే షాపేం కాదు, వాళ్ళ ముందుగదే. కిటికీ కింద మిషన్, గోడవారగా కటింగ్ బల్ల, ఆ బల్ల కింద గుడ్డముక్కల సంచి. ఆ సంచి మీద అక్క రెండో కూతురు. ఎవరైనా కొత్తమనిషి గుమ్మం ఎక్కితే చాలు, చిన్నది గబుక్కున బల్ల కిందే ఇంకా లోపలికి దూరిపోతుంది. వాళ్ళు కొలతలిచ్చి వెళ్ళేదాకా బయటికి రాదు. రెండు కాళ్ళు మాత్రం కనిపిస్తుంటాయి. వచ్చినవాళ్ళు ఆ కాళ్ళని చూసి, "పాపా, నీ పేరేంటమ్మా?" అంటే ఆ కాళ్ళు కూడా లోపలికి వెళ్ళిపోతాయి.

ఈ ఏడాది ఆ చిన్నదాన్ని ఒకటో తరగతిలో వేయాలి. ఎండాకాలమంతా అక్కకి అదే బెంగ.

"అది నోరు తెరవదే. దాహమేసినా అడగదు. బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా అడగదు. అలాగే బిగబట్టుకుని కూర్చుంటుంది," అని మిషన్ తొక్కుతూ ఒకటే గోల.

"పెద్దది ఉంది కదక్కా అదే బళ్ళో," అంటాను నేను.

"అదే నా ధైర్యం. అది లేకపోతే దీన్ని పంపేదాన్నే కాదు."

పెద్దది నాలుగులోకి వచ్చింది. వయసుకి మించిన పొడుగు. ఇంటికొస్తే బడి కబుర్లే. నా ఫ్రెండ్ ఇలా అంది, ఇంకో ఫ్రెండ్ అలా నవ్వింది, మేమందరం కలిసి డబ్బాలు మార్చుకు తిన్నాం అని చెబుతూనే ఉంటుంది. "దీనికేమే, బడంతా దీని చుట్టాలే," అని అక్క మురిసిపోయేది. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే పెద్దది చెల్లి క్లాసుకి వెళ్ళి, డబ్బా విప్పి, తినిపించి, పంపు దగ్గరికి తీసుకెళ్ళి చేతులు కడిగించి, తర్వాత తన ఫ్రెండ్స్ దగ్గరికి వెళ్ళాలి. ఇదీ ఇంట్లో కుదిరిన ఒప్పందం. పెద్దది కూడా "నేను చూసుకుంటాలే అమ్మా" అంది పెద్దరికంగా.

ఇంతలో బడి నుంచి పెద్ద టీచరమ్మే స్వయంగా మా గుమ్మం ఎక్కింది. మనిషి కొత్త. పోయిన ఏడాది చివర్లో వచ్చింది. అక్క అప్పుడు మిషన్ మీదుంది, కాబట్టి టీచరమ్మకి జవాబు వినే అదృష్టం కలిగింది.

"ఈసారి పిల్లలందర్నీ నాలుగు జట్లు చేస్తున్నామమ్మా. తెల్లచొక్కా మామూలే. దాని ఎడమ చేతికి మాత్రం చుట్టూ ఒక రంగు పట్టీ కుట్టాలి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం."

"ఎవరికి ఏ రంగో మీరు చెబుతారా మేడమ్?"

"అది మీ ఇష్టం. నా చేత్తో ఇస్తే నా పిల్లకి ఇదెందుకు, అదెందుకు అని తల్లులు వచ్చి కూర్చుంటారు. నాలుగు రంగులూ సమానంగా ఉంటే చాలు. పిల్లలు బాగా కలిసిపోవాలి, నాకు కావాల్సింది అదే."

"కలిసిపోక ఏం చేస్తారు మేడమ్? పిల్లలే కదా," అంది అక్క. బల్ల కింద కాళ్ళు లోపలికి వెళ్ళాయి.

బడి బట్టలకి ఒక పద్ధతుంది. ఒక్కొక్క చొక్కానీ విడిగా కత్తిరిస్తూ కూర్చుంటే పని తెమలదు. గుడ్డని పొరలు పొరలుగా పరిచి, పైన సుద్దతో ఒక్క సైజే గీసి, అన్ని పొరలూ కలిపి ఒకే కోతలో కోసేస్తారు. ఈ సైజు ఒక కట్ట, ఆ సైజు ఒక కట్ట. పట్టీలూ అంతే. అక్క ఎర్రగుడ్డ పరిచి అన్నిటికంటే చిన్నసైజు గీసింది. పసుపులో ఆ పై సైజు, ఆకుపచ్చలో దాని పైది, నీలంలో అన్నిటికంటే పెద్దది. సైజులు నాలుగే, రంగులూ నాలుగే. ఏ కట్టకి ఆ కట్ట సరిపోయింది. రంగులు కలగలిసి నా బుర్ర తినే పని కూడా తప్పింది. ఆ వారం నేను ఎంత హాయిగా గుండీలు కుట్టానో చెప్పలేను.

బడి తెరిచిన రోజు చిన్నదాన్ని దింపడానికి అక్క వెళ్తుంటే నేనూ వెంట వెళ్ళాను. ఎవరి గుండీ అయినా ఊడితే కుట్టడానికని సూదీదారం పట్టుకెళ్ళాను కానీ, నిజం చెప్పాలంటే చూద్దామని వెళ్ళాను. చిన్నది దారి పొడుగునా వాళ్ళమ్మ చూపుడువేలు వదల్లేదు. గేటు దగ్గర ఆ వేలు విడిపించి పెద్దదాని చేతిలో పెట్టేసరికి అక్కకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

లోపల పెద్ద టీచరమ్మ మైకు పట్టుకుంది. "ఈ ఏడాది నుంచి ఒక్కో రంగూ ఒక్కో ఇల్లు అనుకోండి. పెద్దవాళ్ళు తమ ఇంటి చిన్నవాళ్ళకి అన్నలు, అక్కలు. మధ్యాహ్నం తరగతుల్లో తినొద్దు. మీ రంగు వాళ్ళతోనే కలిసి కూర్చోవాలి. చిన్నవాళ్ళ డబ్బాలు పెద్దవాళ్ళే విప్పిపెట్టాలి. ఇప్పుడు ఎవరి రంగు దగ్గరికి వాళ్ళు వెళ్ళండి!"

పిల్లలు వెళ్ళారు.

మైదానంలో మెట్లు కట్టినట్టయింది. ఒక చివర ఎర్రవరస, అంతా మోకాలెత్తు పిల్లలే. ఒకరు ఏడుపు మొదలుపెట్టగానే ఆ వరస మొత్తం అందుకుంది. వాళ్ళ మధ్యలో ఐదో తరగతి పిల్ల ఒకతె, పాపం సన్నగా పీలగా ఉంటుంది, చేతులు కట్టుకుని మూతి ముడుచుకుని నిలబడింది. పసుపులో ఒకటో తరగతి బొద్దుపిల్లాడు ఒకడు, మూడోవాళ్ళ మధ్య ఎటు చూడాలో తెలియక తిరుగుతున్నాడు. ఆ చివర నీలంవరస, మీసాలు ఒక్కటే తక్కువ. వాళ్ళు తమ ఇంటి చిన్నవాళ్ళు ఎక్కడున్నారా అని ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు.

మా పెద్దది నీలం. మా చిన్నది ఎరుపు.

పెద్ద టీచరమ్మ మైకు ఆపి మా దగ్గరికి వచ్చింది. "ఇదేంటమ్మా?"

"నాలుగూ సమానమే మేడమ్. కావాలంటే చూసుకోండి," అంది అక్క.

"సమానమే. కాదన్నానా? మరి కలిసిపోవడం ఏదీ?"

"అందరూ కలిసే ఉన్నారు కదా?"

"ఎవరితో ఎవరు? పొట్టివాళ్ళతో పొట్టివాళ్ళు, పొడుగువాళ్ళతో పొడుగువాళ్ళు! ఈ ఎర్రింట్లో అక్క ఎవరు? అన్న ఎవరు? ఎవరి డబ్బా ఎవరు విప్పాలి?"

అక్క ఎర్రవరసని చూసింది, నీలంవరసని చూసింది, నన్ను చూసింది. నా మొహంలో ఏముందని చూసిందో నాకైతే తెలియదు. "ఆటలకేమో అనుకున్నాను మేడమ్. చిన్నవాళ్ళని పెద్దవాళ్ళతో కలిపితే తొక్కేస్తారు కదా అని..."

"అంత ఆలోచించే కుట్టారా?"

"లేదు మేడమ్. ఇప్పుడే ఆలోచించాను."

పెద్ద టీచరమ్మకి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే నుదురు కొట్టుకుంది. "నేనూ విడమర్చి చెప్పలేదులెండి. ఇప్పుడు విప్పి మార్చగలరా? అందరికీ కాదు, ఒక్కో రంగులో కొంతమందిని అటూ ఇటూ మారిస్తే చాలు."

అక్క సరేనంది. కానీ ఆమె మనసు అక్కడ లేదు. "మధ్యాహ్నం కూడా రంగు ప్రకారమేనట విన్నావా? నా చేతులతో నేనే చిన్నదాన్ని పెద్దదాని నుంచి విడదీసి కూర్చోబెట్టానే," అని మిషన్ కోసం ఇంటికెళ్ళే దారంతా నన్ను పీక్కుతింది.

తోపుడుబండివాణ్ణి పిలిచి మిషన్ ఎక్కించుకుని మేం తిరిగి బడికి చేరేసరికి తిండి బెల్లు కొట్టేశారు. బండి గేటులోనే వదిలేసి అక్క ఎర్రవాళ్ళ వైపు పరిగెత్తింది. వరండా గోడ పక్కన ఆగి తొంగి చూసింది. ఆమె భుజం మీదుగా నేను.

చిన్నది ఏడవడం లేదు. ఎర్రవాళ్ళంతా గుండ్రంగా కూర్చున్నారు. డబ్బాల మూతలు ఎవరికీ రావడం లేదు. పళ్ళతో పీకేవాళ్ళు కొందరు, నేలకేసి కొట్టేవాళ్ళు కొందరు. చిన్నది ఒక డబ్బాని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని రెండు చేతులతో లాగుతోంది. అది దాని డబ్బా కాదు. పక్కపిల్లది. మూత ఊడగానే ఇంకో పిల్లాడు తన డబ్బా తెచ్చి దీని ఒళ్ళో పెట్టాడు. మాటల్లేవు. ఒకటి అయ్యాక ఒకటి విప్పుతూనే ఉంది.

"ఇదేనా అది?" అంది అక్క. "ఇంట్లో తన చెప్పులు తను వేసుకోదే!"

"అదేనక్కా. పట్టీ నేనే కుట్టాను."

ధైర్యం చిక్కి పెద్దదాని కోసం నీలం వైపు తిరిగాం. నీలంవాళ్ళు గుంపులుగా కూర్చుని గోలగోలగా తింటున్నారు. ఈ గుంపులో లేదు. ఆ గుంపులోనూ లేదు. చివరికి స్తంభం వెనక మెట్టు మీద కనిపించింది. ఒక్కతే ఉంది. గోడ వైపు తిరిగి గబగబా తింటోంది. తిన్నది తిన్నట్టు మూత బిగించేసి, అంతకంటే పనేమీ లేనట్టు ఆ మూతనే తుడుస్తూ కూర్చుంది.

అక్క చేతిలో కత్తెర లేదు, అయినా మాట రావడం లేదు. "దాని ఫ్రెండ్సేరే? ఇవాళ రాలేదేమో?" అంది ఆఖరికి.

"అందరూ ఒకేసారి మానేశారా అక్కా?" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

వరండాలో మిషన్ వేశాం. నేను కుట్లు విప్పుతున్నాను, పిల్లలు చొక్కాలు విప్పి బనియన్లతో వరస కట్టారు. ఇక్కడ ఇంకో తంటా వచ్చింది. నీలం పట్టీ పొడుగు. కత్తిరించి చిన్నవాళ్ళకి వేయొచ్చు. ఎర్రపట్టీ చిట్టిది. పెద్దవాళ్ళ చేతికి చాలదు. రెండేసి ముక్కలు కలిపి అతుకు వేస్తే తప్ప చుట్టూ రాదు. అక్క తల పట్టుకుంది. పొద్దున్నుంచి ఆమె తల ఆమె చేతుల్లోనే ఉంది.

అందరికంటే ముందు చిన్నదాన్ని పిలిచింది. "రావే తల్లీ, నీకు అక్క రంగు వేసేస్తాను. రేపట్నుంచి ఇద్దరూ ఒకేచోట తినొచ్చు."

చిన్నది ఎడమ చేతిని కుడి చేత్తో గట్టిగా పట్టుకుంది. చుట్టూ కొత్తవాళ్ళు. పెద్ద టీచరమ్మ కూడా ఉంది. దూరడానికి బల్ల లేదు. ఎర్రబడిపోయి, కళ్ళు నేలకేసి, "నాకు ఎరుపే," అంది.

అక్కకి అర్థం కాలేదు. "ఏంటీ?"

"నాకు ఎరుపే కావాలి. వాళ్ళకి మూతలు రావు."

ఇన్నాళ్ళ బెంగా తీరిపోయి అక్క సంతోషించాలి కదా? నేనూ అదే అనుకున్నాను. కానీ ఆమె మొహం చూస్తే ఎవరో చేతిలోని సరుకు లాక్కున్నట్టుంది. ఆ పక్కనే పెద్దది నిలబడి వింటోంది. నాలుగో తరగతి పిల్ల, అంత పొడుగుపిల్ల, చెల్లి వంక చూస్తున్న చూపు ఉందే, పొద్దున గేటు దగ్గర చిన్నది వాళ్ళమ్మని చూసిన చూపు సరిగ్గా అదే.

"అయితే నాకూ ఎరుపే వెయ్యమ్మా," అంది పెద్దది.

"నీకు చాలదే, అతుకు పడుతుంది. చండాలంగా ఉంటుంది."

"పడనీ."

అక్క చెయ్యి మిషన్ చక్రం మీదే ఉండిపోయింది. నేనే రెండు ఎర్రముక్కలు ఏరి సూది కింద పెట్టాను. అక్క తొక్కింది. ఆ అతుకు ఆమె కుట్టిన కుట్లన్నిట్లోకీ వంకర కుట్టు. మామూలుగా అయితే విప్పేసి మళ్ళీ కుట్టేది. ఈసారి దారం తెంపి ఇచ్చేసింది.

చొక్కా తొడుక్కుని పెద్దది ఎర్రవాళ్ళ దగ్గరికి వెళ్ళిందో లేదో, ఒకడు చెప్పు పట్టీ పెట్టమని కాలు చాపాడు. ఒకతె ముక్కు తుడవమని మొహం చాపింది. ఇంకొకడు ఊరికే దాని లంగా కుచ్చెళ్ళు పట్టుకుని నిలబడ్డాడు. ఆ సన్నపాటి ఐదో తరగతి పిల్ల, అప్పటిదాకా ఎవరితోనూ మాట్లాడనిది, "హమ్మయ్య, వచ్చావా? నలుగుర్ని నువ్వు పట్టుకో, నలుగుర్ని నేను పట్టుకుంటాను," అంది. పెద్దది తల ఊపింది. ఊపినదాన్ని ఊపుతూనే ఉంది.

సాయంత్రం ఇంటికి నడుస్తుంటే చిన్నది ముందు గెంతుతోంది. అక్క పెద్దదాని పక్కన నడుస్తూ, అడగాలా వద్దా అని ఇంకో వీధి దాకా నలిగి, ఉండబట్టలేక అడిగేసింది. "ఏమే, నీకు బళ్ళో అంతమంది ఫ్రెండ్స్ అన్నావు. ఎవరూ లేరా?"

పెద్దది చాలాసేపు చేతి అతుకుని వేలితో తడుముకుంటూ నడిచింది. "ఉన్నారు," అంది. "ఇవాళ్టి నుంచి."

"ఎవరు?"

"అందరూ పొట్టివాళ్ళే."

అక్క నా వైపు తిరిగింది. నవ్వాలో ఏడవాలో తేల్చి చెప్పమన్నట్టు చూసింది. ఇద్దరం అలా నడిరోడ్డు మీద ఆగిపోతే, వెనక తోపుడుబండివాడు, "అమ్మా, మిషన్ బరువుగా ఉంది, నడవండమ్మా!" అని అరిచాడు. నడిచాం.