పది పాయింట్ ఎనిమిది

మా సైన్స్ టీచరమ్మ రిటైర్మెంట్ సభలో హెడ్మాస్టరు మైకు పట్టుకుని "ఈ బడికి ఆమే వెలుగు" అన్నప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. పద్నాలుగేళ్ల కిందట ఆ వెలుగును ల్యాబులోంచి బయటికి గెంటి తాళం వేసింది ఈ మహానుభావుడే. ఇప్పుడు గొంతు వణికించుకుంటూ మొసలి కన్నీళ్లు కారుస్తున్నాడు.

నేను కాటాలు బాగుచేస్తాను. కిరాణా కొట్ల కాటాలు, పాత ఇనప సామాన్ల వాళ్ల కాటాలు నా దగ్గరికే వస్తాయి. ఈ బతుకు ఆవిడ పెట్టిన భిక్ష. పదో తరగతి కాగానే నాన్న నన్ను బట్టల కొట్లో పెడతానంటే ఆవిడ మా ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడే, "దీని చెయ్యి నిలకడైందండీ. పొద్దస్తమానం బట్టలు మడతపెట్టించి పాడుచెయ్యకండి. కాటా మేస్త్రితో నేను మాట్లాడాను," అన్నారు. మర్నాడే నాన్న నన్ను మేస్త్రి దగ్గర దింపాడు.

ఎడమ చేతి వేళ్ల నిండా యాసిడ్ మచ్చలు, మెడలో ల్యాబు తాళంచెవి, నోట్లో ఎప్పుడూ ఒక తిట్టు. అదీ మా టీచరమ్మ. ఆవిడకో నియమం ఉండేది. రికార్డులో తప్పు రాస్తే చెరపకూడదు. ఒక్క గీత కొట్టాలి, కింది అంకె కనబడాలి. పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి. "చెరిపేస్తే రేపు మళ్లీ అదే తప్పు చేస్తావు. పైగా నేను చెయ్యలేదంటావు," అనేవారు.

మా పదో తరగతిలో లోలకం ప్రయోగం వచ్చింది. దారానికి ఇనప గుండు కట్టి ఊపి, ఇరవై ఊపులకు పట్టిన సమయాన్ని బట్టి భూమి దాన్ని ఎంత బలంగా లాగుతోందో లెక్కకట్టాలి. తొమ్మిది పాయింట్ ఎనిమిది రావాలి. నాకు పది పాయింట్ ఎనిమిది వచ్చింది. మిగతా ముప్పై తొమ్మిది మందికీ తొమ్మిది పాయింట్ ఎనిమిదే వచ్చింది, ఎందుకంటే వాళ్లెవరూ గుండు ముట్టుకోలేదు. సీనియర్ల రికార్డు చూసి ఎక్కించేశారు.

టీచరమ్మ నా పక్కన నిలబడి మళ్లీ చెయ్యమన్నారు. గుండు వదులుతూనే "ఒకటి" అన్నాను.

"అదీ సంగతి! వదిలేటప్పుడు సున్నా అనాలే మొద్దూ. నువ్వు చూసింది పంతొమ్మిది ఊపులే," అని పకపకా నవ్వారు. ఈసారి తొమ్మిది పాయింట్ ఏడు వచ్చింది. గీత కొట్టి, రాసి, సంతకం పెట్టాను. నాకు నిండా మార్కులు వేశారు. ముప్పై తొమ్మిది మందికి సున్నా.

బడి అట్టుడికిపోయింది. అందరికీ మార్కులు వెయ్యమని హెడ్మాస్టరు, వెయ్యనని ఆవిడ. చివరికి ఆయనే వేసుకున్నాడు. ఆవిడను ల్యాబు నుంచి తప్పించి, ఆరో తరగతికి డ్రాయింగు చెప్పుకోమన్నాడు. నేను నోరు విప్పలేదు. క్లాసంతా "పది పాయింట్ ఎనిమిది" అని ఏడిపిస్తుంటే తల దించుకు తిరిగాను. ఆ పిరికితనం మీద నాకిప్పటికీ కోపమే.

పోయిన వారం బడి గుమాస్తా ఉత్తరాలు తూచే చిన్న కాటా రిపేరుకు తెచ్చాడు. "మీ టీచరమ్మ సర్వీసు పుస్తకంలో 'ప్రయోగాలు చేయించడం చేతకాదు' అని హెడ్మాస్టరు రాసిపెట్టారు తల్లీ. సభ రోజుతో ఆ పుస్తకం మూసేస్తాం. ఇక అదే ఆఖరి మాట," అన్నాడు.

"ఆ పుస్తకం సభకు పట్టుకురా బాబాయ్," అన్నాను. ఆయన తలూపాడు.

పాత విద్యార్థుల తరఫున రెండు మాటలు చెప్పమని పిలవగానే మైకు అందుకున్నాను. "చేతకాదని రాసిన చేత్తోనే వెలుగంటున్నారేంటి సార్? రెంటిలో ఏది అబద్ధం?" అన్నాను. గుమాస్తా పుస్తకం బల్ల మీద పెట్టాడు. ఆ పేజీ తీసి అందరికీ వినబడేలా చదివాను. "ప్రయోగం చెయ్యకుండా అంకె వేసినవాళ్లూ ఇక్కడే ఉన్నారు," అనగానే రెండో వరుసలో ఒకడు లేచి, "అందరూ రాశారు, నన్నొక్కణ్ణే అంటావేంటి?" అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే.

హెడ్మాస్టరు పుస్తకం తన వైపు జరుపుకున్నాడు. "అదెప్పటి పొరపాటో అమ్మా, దానిదేముంది, ఇప్పుడే తీసేద్దాం," అంటూ గుమాస్తా జేబులోని వైట్నర్ లాక్కుని మూత తిప్పాడు.

అంతవరకూ కదలకుండా కూర్చున్న టీచరమ్మ లేచారు. ఆయన చేతిలోని సీసా లాక్కుని బల్ల మీద ఠపీమని పెట్టారు.

"చెరపడానికి వీల్లేదు. మీరు రాసిన మాట కనబడాలి. ఒక్క గీత కొట్టి, పక్కన నిజం రాయండి."

హాలంతా చూస్తుండగా ఆయన గీత కొట్టాడు. 'ప్రయోగాలు నిజాయితీగా చేయించారు' అని రాశాడు. పెన్ను జేబులో పెట్టుకోబోతుంటే, ల్యాబులో మమ్మల్ని కేకలేసే ఆ గొంతుతోనే టీచరమ్మ అన్నారు:

"సంతకం ఏదీ?"