మూఢంలో తెరిచిన షెడ్డు

2017 మార్చిలో నేను పెర్కిట్‌లో ఒక పసుపు కమీషన్ ఏజెంటు దగ్గర గ్రేడింగ్ సూపర్‌వైజర్‌ను. రైతు తెచ్చిన సరుకును పొడుగాటి కొమ్ము, గుండ్రటి గోళ అని వేరుచేయించి, కొమ్ము విరిచి చూసి రకం రాయడం నా పని. బాగా ఎండిన కొమ్ము టంగుమని విరుగుతుంది. తడిసింది వంగుతుంది, రకం పడిపోతుంది.

ఆ నెలలో ఆ ఏజెంటు, మా సేటు, కొత్త రేకుల షెడ్డు కట్టించాడు. శుక్రమూఢం నడుస్తోందని మాత్రం తాళం తీయలేదు. శుక్రగ్రహం సూర్యుడి వెలుగులో కలిసిపోయి కంటికి కనిపించని రోజులే మూఢం. అప్పుడు శుభకార్యాలు చేయరు. బాల్కొండ రైతు మల్లవ్వ బస్తాలు బయట, మబ్బు కింద ఉన్నాయి. ఆమెకు ఏడాది పంట అంతా అదే. టార్పాలిన్లన్నీ సేటు సొంత సరుకు మీద ఉన్నాయి.

నేను గ్రంథాలయంలో ఖగోళశాస్త్రం అర మొత్తం చదివినవాణ్ణి. అరలో ఉన్నవి మూడు పుస్తకాలు. శుక్రుడు మనకూ సూర్యుడికీ మధ్యకు వచ్చాడనీ, దానివల్ల రేకులకు వచ్చే కీడు ఏమీ లేదనీ సేటుకు వివరించాను.

ఆయన ఓపికగా విని, "పుస్తకాల ముచ్చట జర పక్కకు పెట్టు సాబ్. చుక్క కండ్లబడితే మూఢం పోయినట్టే. చూపెట్టు, తాళం నేనే తీస్త" అన్నాడు.

పొద్దుగూకాక అందరినీ వాకిట్లోకి నడిపించాను. పడమటంతా మబ్బు. తూర్పున ఒక చుక్క మిణుకుమనకుండా వెలుగుతోంది. నక్షత్రం మిణుకుమంటుంది, గ్రహం నిలకడగా వెలుగుతుంది. గ్రహాలన్నిటిలో కాంతి ఎక్కువ శుక్రుడికే. రెండు సత్యాలూ కలిపి వేలు చూపించాను. సేటు చెప్పులు విడిచి దండం పెట్టాడు, కొబ్బరికాయ కొట్టాడు, తాళం తీశాడు. హమాలీలు మల్లవ్వ బస్తాలు లోపల వేసేసరికి రాళ్లవాన మొదలైంది.

మరునాడు ఆమె సరుకుకు మొదటి రకం రాశాను. చీటీ కొంగున ముడేసుకుంటూ నాకు మాత్రమే వినపడేలా చెప్పింది: "సారూ, నిన్న నువ్వు చూపెట్టింది గురుడు. శుక్రుడు పొద్దును ఇడిసి దూరం పోడు. మాపటీలి అయితే పొద్దు గూకే దిక్కుకుంటడు, తెల్లారంగ అయితే పొద్దు పొడిచే దిక్కుకుంటడు. రాత్రిపూట పొలాలకు నీళ్లు గట్టెటోళ్లకు గిది ఎర్కే."

అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నా పసుపు లోపల పడనీయని ఊకున్న. గంత సదువుకున్నోనివి, నడుమల నేనెందుకు మాట్లాడుడు?"

ఆమె చెప్పింది నా మూడు పుస్తకాల్లోనూ ఉంది. శుక్రుడి కక్ష్య భూమి కక్ష్యకు లోపల ఉంటుంది కనుక, సాయంత్రం అతడు తూర్పున కనిపించడం జరగదు. సేటుకు ఈ సంగతి చెప్పలేదు. చెబితే షెడ్డుకు శాంతి చేయించి, అది పూర్తయ్యేదాకా మళ్లీ తాళం వేసేవాడు. గ్రహం పేరు చెప్పేముందు పొద్దు ఎటు గూకిందో చూసుకోవాలని, పక్కన నీళ్లు కట్టేవాళ్లుంటే ముందు వాళ్లను అడగాలని ఆ రోజు నేర్చుకున్నాను.