బండికి తలంటు

పోయిన నెల మా బావ కన్నుమూశాడు. సూరత్ దగ్గరి జోల్వాలో తను పనిచేసే మరమగ్గాల షెడ్డులో చాయ్ తాగుతుండగానే గుండె ఆగిపోయిందట. కబురు వచ్చినప్పుడు నేను స్కూలు బయట వ్యానులో కూర్చుని పిల్లల కోసం చూస్తున్నాను. ఇంజన్ ఆపే ఉంది. నిలబడ్డ బండిలో ఇంజన్ ఊరికే నడుస్తుంటే బావ ఊరుకునేవాడు కాదు.

ఆ పాత వ్యాను ఆయనదే. పెళ్లయి సూరత్ వచ్చి, పర్వత్ పాటియాలో అక్కాబావల పక్క గదిలో కాపురం పెట్టిన నాకు స్టీరింగ్ పట్టించిందీ ఆయనే. "మర్దలా, చీరలకు రాళ్లు అంటించుకుంట కూసుంటే కండ్లు పోతయి. బండి పట్టు," అన్నాడు. ఆడమనిషి స్కూలు వ్యాను నడుపుతుందా అని నవ్వినవాళ్లే తర్వాత తమ పిల్లల్ని నా వ్యాను ఎక్కించారు. అదంతా బావ చలవే.

నూనె దగ్గర మాత్రం ఆయనకు మహా చాదస్తం. కారణం కూడా తనే చెప్పుకుని నవ్వేవాడు. మగ్గానికి రోజూ పొద్దున నూనె పోస్తారు, అది కారిపోతుంది, మళ్లీ పోస్తారు. వ్యాను కొన్న కొత్తలో బావ దానికీ అలాగే రోజూ కాస్త కాస్త పోశాడు. పాతది తీయాలన్న ఊహే లేదు. ఒకరోజు చుట్టాలందరినీ ఎక్కించుకుని పోతుంటే కడోదర దగ్గర పొగ కక్కి బండి నిలబడిపోయింది. మెకానిక్ కింద బోల్టు విప్పితే తారులాంటి మడ్డి దిగిందట.

"జిడ్డు తల మీద మళ్ల నూనె పోస్తే తలంటు అయితదా? పాతది పోవాలె, గప్పుడు కొత్తది," అనేవాడు అప్పటి నుంచి.

అందుకే ఉగాదికి ఒకసారి, దసరాకు ఒకసారి, మేం తలంటుకునే రోజే బండికీ నూనె మారేది. ఓసారి నేను కంపెనీ పుస్తకం చూపించాను. ఏడాదికోసారి, లేదంటే పదివేల కిలోమీటర్లకు, ఏది ముందైతే అప్పుడు మార్చమని ఉంది. బావ కాదనలేదు. "గది సాఫు రోడ్డు మీద ఉరికే బండికి. మనది జర ఉరుకుడు, జర ఆగుడు. దుమ్ము, ట్రాఫిక్. గిసొంటి బండికి ఆర్నెల్లకే మార్చాలె." మధ్యమధ్య నూనె మట్టం తెలిపే గేజ్ పుల్ల తీసి చూడమనేవాడు. నూనె నల్లబడిందని నేను కంగారుపడితే, "నల్లబడుడు దాని పనే. తక్కువైతెనే భయపడు," అని ఆటపట్టించేవాడు.

దసరా పొద్దున గల్లీ అంతా గుజరాతీల దసరా తిండి ఫాఫ్డా, జిలేబీలకు లైను కడితే ఆయన వ్యాను కిందికి దూరేవాడు. "పండుగ పూట ఏందయ్యా నీ లొల్లి!" అని తిడుతూనే అక్క బేసిన్ అందించేది. దిగిన నూనెను రెండు వేళ్ల మధ్య రుద్ది చూసుకుని, ఆ వేలు గేటు కీలుకు పూసేవాడు. మిగిలింది మోరీలో పోయనిచ్చేవాడు కాదు, డబ్బాలో పట్టి గ్యారేజీలో ఇచ్చి వచ్చేవాడు.

ఆయన పోయాక ఊరి నుంచి వచ్చిన పెద్దలు, "మొగోడు లేని ఇంట్ల బండెందుకు, అమ్మెయ్యి," అన్నారు. అక్క ఔననలేదు, కాదనలేదు. బండి పోతే నేను మళ్లీ రాళ్ల చీరల ముందు కూర్చోవాల్సిందే. ఆ రోజుల్లో ఎవరు వచ్చినా, ఎవరు పోయినా గేటు కిర్రుమనేది. వినలేక చెవులు మూసుకునేదాన్ని.

ఏడాది దాకా మాకు పండుగల్లేవు. మొన్న దసరాకు తలంటు లేదు, వాకిట్లో ముగ్గు లేదు. ఆ పొద్దున అక్క బేసిన్, కొత్త నూనె డబ్బా పట్టుకుని బయటికి వచ్చింది.

"ఈసారి పండుగ లేదు గదక్కా," అన్నాను.

"పండుగ మనకు లేదు. బండికేం మైల? పొద్దుగాల లేస్తే పిల్లలెక్కే బండి. దూరు కిందికి. బోల్టు ఇప్పు."

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. బోల్టు విప్పాను. నూనె నల్లగా, సన్నటి ధారగా దిగింది. అక్క అందులో వేలు ముంచి, బొటనవేలితో రుద్ది చూసింది. ఏం తెలిసిందో ఏమో, తలాడించింది. లేచి వెళ్లి ఆ వేలు గేటు కీలుకు పూసింది.

బోల్టు బిగించి, కొత్త నూనె పోసి, బండి స్టార్ట్ చేశాను. అక్క గేటు తీసింది. చప్పుడు కాలేదు.