సన్నదా, లావుదా

మేస్త్రి మామ పోయి ఇది రాసేనాటికి తొమ్మిది రోజులు. ఈస్టరు దాటగానే ఆయన షెడ్డు విప్పేస్తారు. అందులో గోడకు రెండు గాలి తుపాకులు వేలాడుతున్నాయి. వాటిలో ఒకటి అల్లూరు వైపు రైతు ఒకరిది. ఏది తనదో ఆయనే చెప్పాలి. ఆయన పొలం అమ్ముకుని వెళ్ళిపోయారని విన్నాను, ఎక్కడున్నారో తెలియదు. ఆ షెడ్డుకు వచ్చినప్పుడల్లా ఆయన చంకలో ఈ పత్రికే మడిచి ఉండేదని మాత్రం గుర్తుంది. అందుకే ఇప్పుడే రాయాలి, ఇక్కడే రాయాలి.

మేస్త్రి మామ నాకు చుట్టం కాదు. ఒకే చర్చికి పోయేవాళ్ళం, వరస కలుపుకున్నాం. సరుగుడు తోపు అయిపోయి ఇసుక దిబ్బలు మొదలయ్యే చోట ఆయన ఇల్లు, పక్కనే రేకుల షెడ్డు. వయసులో బుచ్చిరెడ్డిపాలెం బియ్యం మిల్లులో ఫిట్టరుగా పనిచేసి, చెవులు మొద్దుబారాక సముద్రపు ఒడ్డుకు వచ్చేసి గాలి తుపాకులు బాగుచేయడం మొదలుపెట్టారు. పండిన చేను మీద వాలే జీనువాయి పిట్టల కోసం, కొట్టుల్లో దూరే పందికొక్కుల కోసం ఆ చుట్టుపక్కల రైతులు తుపాకులు ఉంచుకునేవారు. ఉప్పు గాలికి వాటి స్ప్రింగులు తుప్పు పట్టేవి, లోపలి తోలు వాషర్లు ఎండిపోయేవి. అన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి.

మా నాయన ఉప్పు కయ్యల్లో కూలి. బడి విడిచాక నేను షెడ్డులో కూర్చుని చదువుకునేదాన్ని, ఇంట్లో చోటు లేక.

తుపాకి లోపల ఏముంటుందో మామే చూపించారు. అగ్గిపుల్ల కన్నా లావు తీగతో చుట్టిన స్ప్రింగు. గొట్టాన్ని మెడ దగ్గర విరిస్తే అది వెనక్కి నొక్కుకుని ఆగుతుంది. మీట నొక్కితే ముందుకు దూకి గాలిని తోస్తుంది. ఆ గాలే గుండును తోస్తుంది. కాల్చిన తర్వాత మామ తుపాకిని వెంటనే కింద పెట్టేవారు కాదు. కర్ర భాగానికి దవడ ఆనించి కళ్ళు మూసుకునేవారు. మనిషి మాటలు సరిగా వినపడని ఆయనకు స్ప్రింగు లోపలి సన్నటి గుంయిమనే మోత ఎముకలోంచి వినపడేదట.

"అది ఊరుకునేదాకా దించగూడదు పాపా. బిగించింది బిగించినట్టు వదిలేసి పోగూడదు. స్ప్రింగయినా అలిసిపోతాది, మనిషయినా అంతే," అనేవారు.

ప్రతి తుపాకినీ ఒకే గురి మీద పరీక్ష చేసేవారు. దిబ్బ వైపు చివరి సరుగుడు చెట్టుకు కిరసనాయిలు డబ్బా రేకు ఒకటి వేలాడేది. దాన్నిండా బొక్కలే. అంచులన్నీ గోధుమరంగుకు తిరిగి ఉండేవి. "ఈ గాలిలో ఏ బొక్కా రెండు పొద్దులు తెల్లగా ఉండదు," అని నవ్వేవారు.

అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్త. నేను ఆరో తరగతి. అల్లూరు రైతు ఒకాయన మద్రాసు దుకాణం వాళ్ళ బొమ్మల పుస్తకం పట్టుకుని వచ్చారు. విత్తనాల కొట్టులో పందికొక్కులు పడ్డాయి, బలమైన తుపాకి కావాలి.

"ఇదిగో, ఈ బొమ్మలోదే. స్ప్రింగు మంచి బలం," అన్నారు మామ. "అయితే దీంట్లో రెండు రకాల గొట్టాలు వస్తాయి సామీ. ఒకటి సన్నం, ఒకటి లావు. సన్నది బో వేగం పోతాది, పిట్టలకి సరి. దగ్గిర్నుంచి పందికొక్కుని కొడితే తూట్లు పొడిచి అవతలికి పోతాది, అది చావదు. లావుది నిదానం, కానీ తగిల్తే కూలబడాల్సిందే. నీకు లావుదే."

"అయితే రాయించు."

"పాపా, ఇట్ట రా. దీంట్లో లావుది ఏదో చూసి కార్డు రాయి."

రైతు నన్ను కిందికీ మీదికీ చూశారు. "ఈ బుడ్డదాని చేతనా? పోస్టుమాస్టరు చేత రాయించరాదా మేస్త్రీ?"

"పోస్టుమాస్టరుకి స్టాంపులు తెలుసు సామీ. మా పాపకి అక్షరాలు తెలుసు."

మా ఇంట్లో తరతరాలకు నేనే మొదటి అక్షరాన్ని. ఆ మాటకు నా వీపు నిటారయింది. పుస్తకంలో బొమ్మ కింద రెండు అంకెలు ఉన్నాయి. ఒకటి 22, ఒకటి 177. రెండింటికీ ముందు చిన్న చుక్క ఉంది. దాన్ని అచ్చులో పడ్డ మరక అనుకున్నాను. మామ చేతికి వచ్చే పాత తుపాకుల మీద అంకెలు అరిగిపోయి ఉండేవి. ఆయన గొట్టం మూతి మీద వేలు ఆనించి సన్నమో లావో చెప్పేవారే గాని అంకెతో ఆయనకు పని లేదు.

"నూట డెబ్బై ఏడు లావుది మామా," అన్నాను.

కార్డు అలాగే రాశాను. పార్సెలు నెల్లూరు స్టేషన్లో దిగింది. రైతు అక్కడినుంచే నేరుగా ఇంటికి పట్టుకుపోయారు.

పది రోజుల తర్వాత మధ్యాహ్నం పూట తిరిగి వచ్చారు. కూర్చోలేదు. మనిషి పీక్కుపోయి ఉన్నారు.

"నీ తుపాకి చంపదు మేస్త్రీ, ఏడిపిస్తాది," అన్నారు. "దెబ్బ తిన్న పందికొక్కులు తిన్నట్టే గోడలోకి దూరిపోయినాయి. మూడు దినాలు గోడ ఏడ్చింది. మా ఆడోళ్ళు కొట్టులో కాలు పెట్టలేదు. కంపు పోయింది, చచ్చినాయి అనుకుంటే, ఇప్పటికీ మధ్యాన్నమప్పుడు ఏడస్తానే ఉండాది."

మామ తుపాకి అందుకుని మూతి మీద వేలు ఆనించారు. ఆ వేలు అక్కడే ఆగిపోయింది. తల ఎత్తి ఒక్కసారి నా వైపు చూశారు.

"తప్పు నాదే సామీ. సన్నది చెప్పి రాయించినాను. మతి లేకపాయె."

"చెవులు పోయినాయనుకున్నా. కళ్ళు గూడా పోయినాయా? నువ్వే ఉంచుకో దీన్ని!" తుపాకిని బల్ల మీద పడేసి దిబ్బ వైపు నడిచి వెళ్ళిపోయారు. ఆ తర్వాత మళ్ళీ రాలేదు.

నాకు అప్పటికీ అర్థం కాలేదు. గన్ మేస్త్రికి సన్నం లావు తెలియకుండా పోయిందన్న మాట ఊరూరా పాకింది. వచ్చే రైతులు తగ్గారు. మరుసటి ఏడు బళ్ళో దశాంశాలు చెప్పారు. అయ్యవారు బోర్డు మీద చుక్క పెట్టి, దాని పక్కన అంకెలు వేసి, ఏది పెద్దదని అడిగారు. చుక్క పక్కన వేస్తే 177 కన్నా 22 పెద్దదని అప్పుడు తెలిసింది. పరుగెత్తుకుంటూ షెడ్డుకు పోయాను.

"మామా, తప్పు నాది. ఆ చుక్క..."

ఆయన స్ప్రింగుకు నూనె రాస్తున్నారు. తల ఎత్తలేదు. "తెలుసు పాపా. గొట్టం ముట్టుకున్నప్పుడే తెలిసింది."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఆయన మీ నాయనతో అంటాడు. మీ నాయన, ఇదా నీ చదువు అని పలక పగలేసి కయ్యల్లోకి తోలతాడు. నా పేరు పోతే మళ్ళీ వస్తాది. నీ బడి పోతే రాదు." స్ప్రింగు తుడిచి పక్కన పెట్టి మళ్ళీ అన్నారు: "చుక్క నేర్చుకున్నావు గదా. ఇంక ఏడవబాక."

ఇప్పుడు టీచరు ట్రైనింగులో ఉన్నాను. ఆయన పేరు మాత్రం మళ్ళీ రాలేదు.

విరిగిపోయిన విదేశీ తుపాకి ఒకటి మామ ఎక్కడో సంపాదించి రెండేళ్ళు కూర్చుని బాగుచేశారు. లావు గొట్టం, అంతే బలమైన స్ప్రింగు. దాన్ని సన్నదాని పక్కనే గోడకు తగిలించారు. "ఆయన వస్తాడు. వచ్చినప్పుడు ఏది కావాలంటే అది తీసుకుంటాడు," అనేవారు. ప్రతి శనివారం మధ్యాహ్నం రెండింటికీ నూనె పెట్టి, రేకు మీద ఒక్కొక్క గుండు కాల్చి, మోత ఆగేదాకా దవడ ఆనించి, మళ్ళీ గోడకు పెట్టేవారు. ఇన్నేళ్ళలో ఒక్క శనివారం తప్పలేదు. నేను చదువుకు పోయిన తర్వాత కూడా మామ భార్య, అత్త, ఉత్తరాల్లో అదే రాయించేది.

మామ పోయిందీ శనివారమే. లావుది కాల్చి గోడకు పెట్టారు. సన్నదాని మెడ విరిచి, బిగించి, గుండు పెట్టి, ఒడిలో పెట్టుకుని కుర్చీలోనే ఒరిగిపోయారు. నేను వచ్చేసరికి ఇరుగుపొరుగు వాళ్ళు ఆ తుపాకిని బిగించింది బిగించినట్టే గోడకు తగిలించి, షెడ్డుకు తాళం వేశారు. స్ప్రింగు దించడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. తాళం చెవి అత్త మెళ్ళోనే ఉంది.

నిన్న చర్చి నుంచి రాగానే అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఆ స్ప్రింగు దించమ్మా. మీ మామ ఊరుకోడు. నిన్న మధ్యాన్నం రేకు మోగింది."

"గాలికి మోగుంటుందిలే అత్తా."

"గాలి యాడుంది? ఆకు కదల్లా."

తాళం తీశాం. నేల మీద సన్నగా పడిన ఇసుకలో అడుగులు లేవు. సన్న తుపాకిని రెండు చేతులా దించాను. స్ప్రింగు వదులుగా ఉంది. గొట్టం ఖాళీ. మెడ దగ్గర కొత్త నూనె తడి నా వేళ్ళకు అంటింది. ఏం చేయాలో తెలియక మామ చేసినట్టే కర్రకు దవడ ఆనించాను. లోపల సన్నగా మోగుతూ ఉంది. ఊరుకునేదాకా అలాగే నిలబడ్డాను.

తర్వాత చివరి చెట్టు దగ్గరికి పోయాం. ఆయన చివరిగా కొట్టిన లావు బొక్క అంచు అప్పుడే గోధుమరంగుకు తిరిగింది. దాని పక్కన సన్న బొక్క ఒకటి, వెండిలా తెల్లగా.

అత్త దాన్ని వేలితో తడిమి, "ఇంకా ఎదురు చూస్తానే ఉండాడు," అంది, అంతే.

అయ్యా, అల్లూరు రైతు గారూ, ఆ కార్డు తప్పు రాసింది నేను. ఆయన కాదు. సన్నం లావు ఆయనకు ఎప్పుడూ తెలుసు. ఇది చదివితే మంచి శుక్రవారం లోపల ఒక్క కార్డు ముక్క రాయండి, సన్నదా, లావుదా అని. పత్రిక వారికి రాస్తే నాకు చేరుతుంది. మీరు కోరినదానికి నూనె పెట్టి ఉంచుతాను. స్వయంగా వస్తే ఇంకా సంతోషం. శనివారం మధ్యాహ్నం మాత్రం దిబ్బ వైపు నుంచి రాకండి. రేకు ఇంకా అక్కడే వేలాడుతోంది.