డాష్‌బోర్డు మార్చిన వేసవి

ఎనిమిదో తరగతి మధ్యలో నన్ను బడి నుంచి పంపించేస్తూ మా హెడ్మాస్టారు, "వీడి బుర్రలో స్పాంజి తప్ప ఏమీ లేదు" అన్నారు. పెద్దవాళ్ల మాట వమ్ము కాకూడదు కదా. నేరుగా విజయవాడ ఆటోనగర్ వెళ్లి, కార్ల సీట్లకు స్పాంజి కోసే షెడ్డులో చేరాను. ఇప్పుడు లీసెస్టర్‌లోనూ అదే పని. మా ఆవిడ నర్సు. ఆవిడ వీసాకు వెనక సీట్లో కూర్చుని నేనీ దేశం వచ్చాను. ఆవిడ మనుషులకు కుట్లు వేస్తుంది, నేను సీట్లకు వేస్తాను. నా పేషెంట్లు అరవరు, అదొక్కటే తేడా.

మా చర్చిలో ఒక అంకుల్ ఉన్నారు. చాలా ఏళ్లు ఈ ఊళ్లోనే సిటీ బస్సు నడిపి రిటైరయ్యారు. రిటైరైనవాళ్లు టమాటా మొక్కలు వేసుకుంటారు, మనవల్ని బడి దగ్గర దింపుతారు. ఈయన పాత అమెరికన్ మజిల్ కారు కొన్నారు. పొడవాటి ముక్కు, ఎనిమిది సిలిండర్లు, ఎడమవైపు స్టీరింగు. స్టార్ట్ చేస్తే ఎదురింటివాళ్ల కిటికీలు కూడా గడగడలాడేవి.

ఆయన కోరిక పెద్దదేం కాదు. ఆంటీని పక్కన కూర్చోబెట్టుకుని స్కెగ్నెస్ సముద్రం దాకా నడుపుకుంటూ వెళ్లాలి. ఆంటీ ముసలివాళ్లను చూసుకునే కేర్‌హోమ్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఈయనకు తెల్లవారుజామున బస్సు, ఆవిడకు నైట్ షిఫ్టు. ఇద్దరి డ్యూటీ రోటాలూ ఏనాడూ కలవలేదు. "ఊరందరినీ వెనకేసుకుని తిప్పానురా, పెళ్లాన్ని పక్కనేసుకుని తిప్పలేదు" అనేవారు.

ఆంటీ మాత్రం ఆ కారెక్కనన్నారు. కారణం డాష్‌బోర్డు. ముందు అద్దం కింద ఈ చివర నుంచి ఆ చివరి దాకా మెత్తటి ప్యాడ్ ఉంటుంది కదా, అది ఎండలకు మాడిపోయి, మే నెల నల్లరేగడి చేనులా నెర్రెలు వేసింది. కారు కాస్త గుంతలో పడిందంటే ఆ నెర్రెల్లోంచి పసుపుపచ్చ స్పాంజి పొడి రాలి ఆవిడ చీర మీద పడేది. మొదటిసారి ఎక్కిన రోజే వీధి చివర దిగిపోయారు.

"ఈ పొడి దులుపుకోవడానికి నేనెందుకండీ? మీ పాత బస్సే నయం."

"విన్నావా అబ్బాయ్," అన్నారు అంకుల్ నాతో. "ఇది మారిస్తేనే ఎక్కుద్దంట."

"మార్చేద్దాం అంకుల్. ఆటోనగర్ చెయ్యి ఇది."

"ఆటోనగర్ చెయ్యనేరా నా భయం."

ఏప్రిల్లో అమెరికా నుంచి కొత్త ప్యాడ్ వచ్చింది. పెట్టె విప్పి చూస్తే, కుడి మూలలో వేలిగోరంత ముడత. "కనపడదులేరా, బిగించెయ్," అన్నారు అంకుల్. నాకు చదువు లేదు గానీ పట్టింపు ఉంది. "రేపు ఎవడైనా చూసి, ఇది ఏ గాడిద చేసిందని అడిగితే మీరు నా పేరే చెప్తారు," అని దాన్ని వెనక్కి పంపించాను. రెండోది వచ్చేసరికి ఆగస్టు.

ఈలోగా కారు ముందు భాగమంతా విప్పి పెట్టాను. మీటర్లు, స్పీకరు జాలీ, గ్లవ్ బాక్సు అన్నీ గరాజు నేల మీద పరిచేశాను. వేసవంతా కారు కదల్లేదు. శనివారాలు నేను వెళ్లేవాణ్ణి. ఆంటీ పకోడీలు వేసేవారు, అంకుల్ టార్చి పట్టుకునేవారు, నేను జోకులు వేస్తూ పాత నట్ల తుప్పు గీకేవాణ్ణి. నిజం చెప్పాలంటే నాకేమీ తొందర లేదు. ఆ శనివారాలు నాకు బాగుండేవి.

జులై వచ్చేసరికి అంకుల్ టార్చి సరిగ్గా పట్టడం లేదు.

"లైటు నట్టు మీద వేయండి అంకుల్, నా మొహం మీద కాదు. అది ఎంత చూసినా మారదు."

"నీ మొహం చూడలేకే గురి తప్పుతోందిరా," అనేవారు. ఇద్దరం నవ్వుకునేవాళ్లం. పకోడీలు చల్లారిపోయేవి.

రెండో ప్యాడ్ నున్నగా వచ్చింది. కానీ కొత్తది కదా, బిర్రుగా ఉంది. ఆంటీ హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చచేసి, నడిమధ్య నుంచి మొదలుపెట్టి చివరలకు జరుపుకుంటూ, నట్లన్నీ ముందు వేళ్లతో ఎక్కించి, ఆఖరున స్పానర్ పట్టాను. ఒక్కటి ముందే బిగించామా, మిగతా చిల్లులు కుదరవు. అన్నీ కుదిరాయి. దాని మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటే అంచు పట్టుకుని లాగబోయాను.

"ఆగరా! తీయకు, పాతబడిపోద్ది."

ఆ ఇంట్లో టీవీ రిమోట్ ఇప్పటికీ కవర్లోనే ఉంటుంది. మా ఇంట్లోనూ అంతే. అందుకని నాకూ అది న్యాయంగానే తోచింది. పొర అలాగే ఉంచాం.

సెప్టెంబరులో ఎండ కాసిన ఒక శనివారం పొద్దున బయల్దేరాం. ఆంటీ మంచి చీర కట్టుకుని ముందు కూర్చున్నారు. నేను వెనక సీట్లో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని ముడుచుకున్నాను. ఆంటీ కళ్లు మూసుకుని ప్రయాణం కోసం ప్రార్థన చేశారు. అంకుల్ బస్సులో కూర్చున్నట్టు నిటారుగా కూర్చుని గేరు వేశారు. ఊరు దాటేదాకా ఆయన మొహంలో వెలుగు వెనక నుంచి కూడా తెలుస్తూనే ఉంది.

సూర్యుడు సరిగ్గా ఎదురుగా ఉన్నాడు. రౌండబౌట్ కూడలి దగ్గర బ్రేకు ఆలస్యంగా పడింది. ఎవరో హారన్ కొట్టారు.

"ఆ ప్లాస్టిక్ మెరుస్తోందిరా. అద్దంలో అంతా తెల్లగా కనపడతంది."

"మన జాతిని ఏ రోగమూ చంపదు అంకుల్. ప్లాస్టిక్ కవరు చంపుద్ది," అని, రోడ్డు పక్క కారు ఆపించి, పొర చివరిదాకా పీకేశాను. అంకుల్ కాస్త బాధపడ్డారు. మళ్లీ బయల్దేరాం. ఈలోగా మబ్బు కమ్మింది, ఇక అద్దంలో ఆ తెల్లటి మెరుపే లేదు.

కాసేపటికే ఎడమ చక్రాలు గడ్డి మీదికి ఎక్కాయి. ముందు సైకిల్ మీద ఎవరో వెళ్తున్నారు.

"ఏవండీ!"

ఆంటీ కేకకు అంకుల్ స్టీరింగు తిప్పారు. సైకిల్ మనిషికి ఏమీ కాలేదు. చెయ్యి ఊపి ఏదో తిట్టి పోయాడు. అంకుల్ ఒక పొలం గేటు దగ్గర కారు ఆపి ఇంజిన్ కట్టేశారు. ఎదురుగా కొద్ది దూరంలో ఒక వ్యాను ఆగి ఉంది.

"ఆ వ్యాను నంబరు చదవండి," అన్నారు ఆంటీ.

"తెల్ల వ్యాను."

"రంగు కాదండీ. నంబరు."

ఆయన చాలాసేపు చూశారు. తర్వాత స్టీరింగు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"నడిమధ్యలో మసకగా ఉంటంది. పక్కలన్నీ బానే కనపడతన్నాయ్."

"ఎప్పటి నుంచి?"

"జులై నుంచి. అంతకుముందు బానే ఉండేది. ప్యాడ్ అయిపోతే నిన్నొకసారి తీసుకెళ్లి, అప్పుడు కంటి డాక్టరు దగ్గరికి పోదామనుకున్నా."

స్పాంజి పొడికి అంత గొడవ చేసిన ఆంటీ ఇప్పుడు మెల్లగా దిగి, చుట్టూ తిరిగి వచ్చి, ఆయన వైపు తలుపు తీశారు. నేను స్టీరింగు దగ్గర కూర్చున్నాను. అంకుల్ నా పక్కకు వచ్చారు, ఆంటీ వెనక ఇరుక్కున్నారు. సముద్రం వైపు కాకుండా కారు లీసెస్టర్ వైపు తిప్పాను. దారి పొడవునా నాకొక్క జోకూ తట్టలేదు.

కంటి డాక్టరు ఇక బండి నడపొద్దన్నాడు. అంకుల్ లైసెన్సు తిప్పి పంపించేశారు. ఇప్పుడు కంట్లో వేసే ఇంజెక్షన్ల కోసం హాస్పిటల్‌కి వెళ్లొస్తున్నారు. ఉన్న చూపు నిలబడితే చాలంటున్నారు.

ఏప్రిల్లో ఆయన కళ్లు బాగున్నాయి. మేలో బాగున్నాయి. ఆ మొదటి ప్యాడే బిగించేసి ఉంటే, ఆ వేలిగోరంత ముడతతోనే, వాళ్లిద్దరూ ఒకసారేం ఖర్మ, నాలుగుసార్లు వెళ్లొచ్చేవాళ్లు. ఆ ముడత ఆంటీ ఎదురుగా ఏ మూలో ఉండేది. సముద్రం కనిపిస్తుంటే దాన్నెవరు చూస్తారు? ఇప్పటికీ ఏదైనా సీటుకు కుట్టు అరంగుళం వంకరపోతే విప్పబోయి ఆగిపోతాను. ఒక్కోసారి విప్పుతాను కూడా, చేతికి అలవాటు పోదు.

కంటి డాక్టరు అలా చెప్పిన రెండు వారాలకు వాళ్లింటికి వెళ్లాను. అంకుల్ ఇంజెక్షన్ చేయించుకొచ్చి పైన పడుకున్నారు. ఆంటీ టీ ఇచ్చారు. ఏదో ఒకటి సరిచేయాలని నా తాపత్రయం.

"ఆంటీ, వచ్చే శనివారం నేను నడుపుతా. అంకుల్‌ని వెనక పడుకోబెట్టి, మిమ్మల్ని ముందు సీట్లో మహారాణిలా కూర్చోబెట్టి, సముద్రం చూపించి తీసుకొస్తా."

ఆంటీ కప్పు కింద పెట్టి నావైపు చూశారు.

"సముద్రమైతే చర్చి వాళ్ల కోచ్ బస్సులో ఎన్నిసార్లు చూడలేదు బాబూ? నేను ఆ కారెక్కింది సముద్రం కోసమా?"