టౌన్ హాలు పడమటి గది

ఈ ఉదయం టౌన్ హాలుకు వెల్ల వేస్తున్నారు. తడి సున్నం వాసన మా వీధి చివరిదాకా వచ్చింది. అది తగలగానే రూతమ్మ గారు గుర్తొచ్చారు. ఆవిడను ఎరిగినవాళ్లు ఈ ఊళ్లో ఇప్పుడు కొద్దిమందే.

హాలు కట్టిన కొత్తలో ఊరు దాన్ని నమ్మలేదు. పునాదిరాయి కింద బైబిలు పాతిపెట్టారని కొందరు, కొత్త పన్నులు వేయడానికే అంతెత్తు గోడలు లేపారని కొందరు చెప్పుకునేవారు. పడమటి గదిలో శనివారం మధ్యాహ్నాలు ఆడవాళ్లకు చదువు చెబుతారని తెలిశాక ఆ అనుమానం మా బజారు వర్తకుల ఇళ్లలోకీ వచ్చింది. చదువు చెప్పేది రూతమ్మ గారు, క్రైస్తవుల ఇంట పుట్టిన పంతులమ్మ.

"నువ్వూ వెళ్లు అమ్మాయ్. ఆవిడ మతం మాట ఎత్తితే నాకొచ్చి చెప్పు" అన్నారు మా అత్తగారు. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. చదువుకోవడానికి కాదు, ఆవిడను కనిపెట్టి చూడడానికి వెళ్లాను.

ఏడాది గడిచింది. అక్షరాలు వచ్చాయి, చదవడం వచ్చింది. రూతమ్మ గారు మతం మాట ఎత్తనే లేదు. ఎత్తకపోవడమే నాకు మరింత అనుమానంగా ఉండేది. మేం పలకల మీద రాస్తుంటే ఆవిడ ఒక్కొక్కరినీ చూసి ఒక నోటు పుస్తకంలో ఏదో రాసుకునేవారు. దగ్గరికి వెళితే మూసేసేవారు. మా పేర్లు ఎవరికో పంపుతున్నారనుకున్నాను. ఆ మాటే అత్తగారికి చెప్పాను.

మరుసటి శనివారం నలుగురు పెద్దలు గదిలోకి వచ్చారు.

"మా ఆడవాళ్ల పేర్లు రాసుకుంటున్నావంట. ఎవరికి పంపడానికి?" అన్నాడు వాళ్లలో పెద్దాయన.

రూతమ్మ గారు పుస్తకం తెచ్చి నా చేతికిచ్చారు. "కామాక్షమ్మ గారు చదువుతారండి. ఒకరి తప్పులు ఒకరికి తెలియకూడదని దాచాను, అంతే."

నిలబడి చదివాను. "సూరమ్మ గారికి ల, ళ తేడా తెలియడం లేదు. వెంకాయమ్మ గారికి చెయ్యి వణుకుతుంది, తొందరపెట్టకూడదు." నా పేరు దగ్గర ఆగిపోయాను. పెద్దాయన చదవమన్నాడు. "కామాక్షమ్మ గారు అందరికంటే ముందు నేర్చుకుంటారు. నన్ను చూస్తే బెదురుతున్నారు. ఎందుకో అడగాలి."

పెద్దలు వెళ్లిపోయారు. అయినా వారం తిరక్కుండా మరమ్మతులని చెప్పి ఆ గదికి తాళం వేశారు. ఏ మరమ్మతులూ జరగలేదు. రూతమ్మ గారికి పెద్దాపురం వైపు ఒక బడిలో పని దొరికింది.

ఆవిడ వెళ్లే రోజు కాలువ రేవుకు వెళ్లాను. పడవలో సామాను ఎక్కిస్తున్నారు.

"పుస్తకం సంగతి ఇంట్లో చెప్పింది నేనేనండి" అన్నాను.

"తెలుసండి. ఆ రోజు చదువుతుంటే మీ గొంతులోనే తెలిసింది." అన్నారు. "నన్నొక్క మాట అడిగుంటే చూపించేదాన్ని కదండీ. నేనూ మిమ్మల్ని అడుగుదామనుకుంటూనే ఊరుకున్నాను."

అనుమానం నా స్వభావంలోనే ఉంది. ఇక పోదు. కాని ఆనాటినుంచీ ఎవరి మీద కలిగితే వాళ్ల గుమ్మంలోకే వెళ్లి అడుగుతాను. కొందరు మొహం మీదే తలుపు వేశారు. ఒకరిద్దరు అబద్ధమూ చెప్పారు. ఇంట్లోవాళ్లకు నా ఈ పద్ధతి నచ్చదు. అయినా మానలేదు. నేను చాటుగా చెప్పిన మాటతో మూతపడిన ఆ గదిలో ఆడవాళ్లు మళ్లీ పలక పట్టడానికి పదకొండేళ్లు పట్టింది.