ఎర్ర టోపీ, నాయనమ్మ బిందె

దయ్యాలను, పూనకాలను నేను ఏనాడూ నమ్మలేదు. మా ఇంట్లో నమ్మినవారూ లేరు. పీర్ల పండుగకు ఊరేగే పీరు మొదట మా గడప ముందే ఆగేది. మా నాయనమ్మ వెండి బిందెతో దాని ముందు నీళ్లు పోసేది. మాకది ఊరి మర్యాద, అంతే.

తర్వాత వ్యాజ్యాల్లో భూములు, ఇల్లు పోయాయి. నా చిన్నప్పుడే నడిగూడెం దగ్గరి ఆ ఊరు వదిలి సూర్యాపేట చేరాం. నాయనమ్మ సూర్యాపేటలోనే కన్నుమూసింది.

పాత రాజ్యం కూలిన కొత్తలో, పంతులు ఉద్యోగం కోసం కోదాడ బయల్దేరాను. తాతగారి షేర్వానీ, ఎర్ర టోపీ వేసుకున్నాను. ఒకప్పుడు పరువుగల హిందూ కుటుంబాలవారూ సర్కారు కచేరీకి వెళ్లే దుస్తులే అవి. నాకున్న మంచి బట్టలూ అవే. దారిలో బస్సు చెడిపోతే మా పాత ఊరి మీదుగా నడిచాను. ఆ పగలు అక్కడ పీర్ల పండుగ.

నన్ను చూసి డప్పులు ఆగాయి. ఆ ఏడే ఇలాంటి టోపీలవాళ్లు ఇళ్లు తగలబెట్టిన ఊరది. నా టోపీ చూసి, తగలబెట్టినవాళ్ల మనిషినే అనుకున్నారు.

"టోపీ తియ్యి, మొకం సూద్దాం," అన్నాడు మల్లయ్య అనే రైతు, కర్ర ఊపుతూ.

"నేను ఈ ఊరి దొర మనుమణ్ణి."

"దొర మనుమడు నడిసొస్తడా? మోటరు గాడ ఆపినవా?"

అందరూ నవ్వారు. నేను టోపీ తీయలేదు. మా తాత ఎవరి బెదిరింపుకూ తీసిన టోపీ కాదది. కర్ర లేచింది.

అప్పుడే పీరు ఎత్తుకున్న మనిషి వరుస తప్పి నా మీదికి పరుగెత్తుకొచ్చాడు. అతను పెద్దవూర నుంచి ఆ ఏడే వచ్చినవాడని తర్వాత తెలిసింది. కళ్లు మూసుకునే ఉన్నాడు. పీరును నా ముందుకు వంచాడు. దాని పట్టుగుడ్డ నా టోపీని తాకింది.

"కందిరీగా, బిందె ఏదిరా?"

అతని నోట వచ్చిన ఆ గొంతు మా నాయనమ్మది. నన్ను కందిరీగ అని పిలిచింది ఆమె ఒక్కతే, అదీ ఎవరూ లేనప్పుడు.

"ఒరే మల్లిగా, కర్ర దించురా!" మల్లయ్య తల్లి అరిచింది. "అది దొరసాని గొంతు! గీయన ఆమె మనుమడేరా!"

మల్లయ్యే పరుగున వెళ్లి ఇత్తడి బిందెతో నీళ్లు తెచ్చాడు. టోపీ తీయకుండానే, నాయనమ్మ పోసినట్టే పీరు ముందు పోశాను. డప్పులతో ఊరు దద్దరిల్లింది. పొలిమేర దాకా ఊరంతా నా వెనక నడిచింది.

"దొరా, టోపీ జర వంకర పోయింది," అన్నాడు మల్లయ్య అక్కడ. "సక్కగ పెట్టుకోండ్రి. గిట్ల పోతె కోదాడల మన ఊరి ఇజ్జత్ ఏమైతది?"

పీరు ఎత్తుకున్నతన్ని తర్వాత అడిగాను. తనకేమీ గుర్తు లేదన్నాడు. ఆ పిలుపు అతనికెలా తెలిసిందో ఈనాటికీ నేను చెప్పలేను. టోపీ మాత్రం సరిచేసుకునే కోదాడలో అడుగుపెట్టాను.